పళ్లెంలో రెండు తాళాలు

చట్టం తెలిసినవాడికి కోపం రాకూడదు. వస్తే మనుషులు కనబడరు, సెక్షన్లే కనబడతాయి. రామారావుకు జరిగింది అదే.

ఆయన దిల్‌సుఖ్‌నగర్‌ కోచింగ్ సెంటర్లో పోలీసు ఉద్యోగాల పరీక్షకు నేరచట్టం చెప్తాడు. ఆ ఉదయం కొత్త తెల్ల స్కూటరుకు పూజ చేయిద్దామని బయల్దేరి, కర్మన్‌ఘాట్ గుడి దగ్గర బండ్ల వరస చూసి బెదిరి, మన్సూరాబాద్‌లో ఓ గల్లీ గుడికి పోయాడు. ఆటో నడిపే మట్టయ్య కూడా అట్లాగే బెదిరి అక్కడికే వచ్చాడు, కూతురు సౌజన్యనూ ఆమె కొత్త స్కూటరునూ వెంటబెట్టుకుని. అదీ తెల్లదే.

పూజారి రెండు తాళాలూ ఒకే పళ్లెంలో పెట్టి దేవుడి ముందు తిప్పాడు. నంబరు ప్లేట్లు బంతిపూల దండల కింద పోయాయి. అందరి కళ్లూ దేవుడి మీదే, పక్కవాళ్ల ముఖాలు ఎవరూ చూడలేదు. హారతయ్యాక చెరో తాళం చేతిలో వేశాడు. దేవుడి దగ్గర్నుంచి వచ్చినదాన్ని అటూ ఇటూ తిప్పి చూసేవాడెవడు? ఎవరి తాళం ఏ బండికి పడితే ఆ బండెక్కి, నిమ్మకాయలు తొక్కించి, ఎవరి దారిన వాళ్లు పోయారు.

దారిలో దండ జరిగి నంబరు కనబడితే, అది రామారావుది కాదు. గంట గడిచేసరికి రామారావు పోలీస్ స్టేషన్లో బల్ల గుద్దుతున్నాడు.

"రాయండి మేడం! సెక్షన్ 303, దొంగతనం! కాగ్నిజబుల్, అంటే వారెంటు లేకుండానే పట్టుకోవచ్చు. నాన్‌బెయిలబుల్, అంటే బెయిలు వాడి హక్కు కాదు!"

"పాఠం తర్వాత చెప్తురు గానీ, జర కూసోండి సార్," అంది హెడ్ కానిస్టేబుల్ కృష్ణకుమారి.

అప్పుడే మట్టయ్య, సౌజన్య లోపలికి వచ్చారు. డిక్కీలో కాగితాల మీద వేరే పేరు కనబడింది. బండి మారిందని తెలిసి అప్పగించడానికి వచ్చారు. సౌజన్య కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైంది, నడవడిక మీద పోలీసు విచారణ ఇంకా మిగిలి ఉంది. ఇప్పుడు పేరు మీద కేసు పడితే ఉద్యోగం గంగపాలే.

"సార్, మీరా? నేను మీ బ్యాచే సార్!"

"నా బ్యాచా? అయితే తెలిసే చేశావన్నమాట! ఇంకా ఘోరం!"

"ఓ సారూ," మట్టయ్యకు మండింది, "దొంగతనం చేసినోడు బండి దెచ్చి ఠాణాల ఇస్తడా? గిదేం చదువయ్యా నీది?"

"అది జడ్జిగారు తేలుస్తారు! సాక్ష్యం కూడా తెచ్చాను. దొంగ వదిలేసిన బండి అదిగో, బయటే ఉంది!"

కృష్ణకుమారి కిటికీలోంచి చూసింది. దండేసుకున్న తెల్ల స్కూటరు.

"గది మాదే," అన్నాడు మట్టయ్య.

"ఈడిదాక ఎవలు నడుపుకుంట వచ్చిండ్రు?" అంది హెడ్ కానిస్టేబుల్.

"నేనే," అన్నాడు రామారావు.

కృష్ణకుమారి పెన్ను మూత తీసింది. "అయితే రెండు కేసులు. మొదలు మీదే. 303, నాన్‌బెయిలబుల్. తండ్రి పేరు చెప్పురి సార్."

"అదేంటండీ!" రామారావు ఎగిరిపడ్డాడు. "నాదనుకుని తీసుకున్నాను! దురుద్దేశం లేనిదే దొంగతనం ఎలా అవుతుందండీ? అది మొదటిరోజు పాఠం!"

"సార్," సౌజన్య అడిగింది, "గా పాఠం నాకు గూడ వర్తిస్తదా?"

రామారావు పెన్ను వైపు చూశాడు. "అందరికీ వర్తిస్తుందమ్మా," అన్నాడు నెమ్మదిగా.

పెన్నుకు మూత పడింది. తాళాలు చేతులు మారాయి. అంతటితో పోతే బాగుండేది. కానీ మట్టయ్య మనసు ఊరుకోలేదు.

"మరి సారూ, డిక్కీల టిఫిన్ డబ్బ ఉండె. గుడోళ్లు పెట్టిన ప్రసాదమనుకొని పులిహోర తిన్న."

"నాయినా!" సౌజన్య నెత్తి కొట్టుకుంది.

"అది వేరే సెక్షన్!" రామారావు లేచాడు.

పెన్ను మూత మళ్లీ ఊడింది. ఆయన కూర్చున్నాడు.

"పోనీలెండి... ఎలా ఉంది?"

"ఉప్పు జరంత తక్కువైంది."

రామారావు మట్టయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఉప్పు తక్కువని నేను చెప్తే మా ఆవిడ సూర్యప్రభ నమ్మదండీ. మీరు ఒక్కసారి మా ఇంటికొచ్చి సాక్ష్యం చెప్పాలి."