నీడ వదిలిన రంగు

తెల్లారగానే అబెకె చేసే మొదటి పని బూడిదనీళ్లు నాలుకకి తాకించి చూడడం. కోకో కాయల తొక్కలు కాల్చిన బూడిదలోంచి రాత్రంతా బొట్టుబొట్టుగా దిగిన నీళ్లవి. నాలుక చురుక్కుమంటే కుండలో పోయొచ్చు. ఆ తరవాత నీలాకు ముద్దలు, మూత, ఎదురుచూపు. అబెయోకుటా పట్నంలో గుడ్డలకి నీలిరంగు వేసే ఇటోకు వీధి ఆడవాళ్లందరి పొద్దూ ఇలాగే మొదలవుతుంది. అందరి నీడలూ నీలమే. ఏళ్ల తరబడి రంగుకుండ మీద వంగినవాళ్ల నీడ ఇంకెలా ఉంటుంది? సున్నం వేసిన గోడలకి మరక పడకుండా ఎండ చూసుకుని నడవమంటారు, అంతే.

అబెకె నీడ మరీ ముదురు. నమాజు చాప మీద ఎక్కడ పడుతుందోనని అత్త హుమానీ రోజంతా గొణుగుతూనే ఉంటుంది.

ఆ ఏడు వానలు వెలిశాక అబెకె కాళ్లు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. పొద్దున్నే అద్దంలో కళ్లు కనపడేవి కావు. మొదట కడుపన్నారు. కాదని తేలాక జబ్బన్నారు. కడుపైతే అత్తింటిది, జబ్బైతే పుట్టింటిది. కిడ్నీలు పాడయ్యాయని తేలితే కోడల్ని పుట్టింటికి పంపేస్తానని, మనవరాలు రాలియా, రంగుకుండ మాత్రం ఇక్కడే ఉంటాయని హుమానీ వాకిట్లో అందరూ వినేలా చెప్పింది. ఆ కుండ అబెకెకి తల్లి ఇచ్చింది. మొగుడు సూబెరు రేడియో మరలు బిగిస్తూ, ముందు ఆసుపత్రిలో చూపిద్దామన్నాడు. అంతకుమించి అతను ఎప్పుడూ ఏమీ అనడు. అలాంటి మగవాణ్ణి ఊరు నెమ్మదస్తుడంటుంది. ఆడది అలా ఉంటే మొద్దంటుంది.

డాక్టరు షోడిపో ఒక పరీక్ష చెప్పాడు. నరంలోకి రంగు ఎక్కిస్తారట, అది ఏమవుతుందో చూస్తారట. ఆయన అంతే చెప్పాడు, మిగతాది ఇటోకు వీధి చెప్పింది. రంగు సంగతి వీధికి ఎవరు నేర్పాలి? మంచి గుడ్డ రంగుని పట్టి ఉంచుకుంటుంది, నాసిగుడ్డ మొదటి జాడింపుకే వదిలేస్తుంది. మనిషినీ అలాగే తేలుస్తారు కాబోలు.

"బిగబట్టు తల్లీ, చుక్క జారనివ్వకు," అంది పక్క కుండ ముసలమ్మ.

హుమానీ మాత్రం కోడలి బట్టలన్నీ రేకుపెట్టెలో సర్ది, వరండాలో పెట్టించి మరీ ఆసుపత్రికి బయలుదేరింది.

నర్సు ఒమొలారా గ్లాసుల కొద్దీ నీళ్లు తాగించింది. సూది వేసి, సీసా చేతికిచ్చి, ఒంటేలు వచ్చినప్పుడు ఇందులో పట్టమని చెప్పి వేరే మంచం దగ్గరికి పరిగెత్తింది. అబెకె బల్ల మీద కాళ్లు మెలేసుకుని కూర్చుంది. ఉండాల్సింది లోపలైతే ఈ సీసా దేనికో ఆమెకి అర్థం కాలేదు. రంగు వదిలే దొంగల్ని పట్టడానికై ఉంటుందనుకుంది. పొత్తికడుపు రాయిలా అయింది. రాలియా జడలు తలుచుకుంటూ పళ్లు బిగించింది.

"రాలేదా?" అంది నర్సు తిరిగొచ్చి.

"ఒక్క చుక్క లేదు." అబెకె గొంతులో గర్వం.

నర్సు మొహం వాడిపోయింది. ఇంకాసేపాగి వచ్చింది. మళ్లీ అదే జవాబు, మళ్లీ అదే మొహం. ఇంత బాగా పట్టి ఉంచితే ఎవరో పోయినట్టు చూస్తారేమిటి? డాక్టరొచ్చి ఖాళీ సీసా చూసి, సూబెరుతో మెల్లగా, రంగు దిగలేదంటే కిడ్నీలు పనిచెయ్యనట్టేనన్నాడు. సూబెరు తల్లి వైపు చూశాడు. ఆవిడకీ ఏమీ అర్థం కాలేదు, పట్టి ఉంచిన గుడ్డ పాడవడమేమిటి? అయినా "పాడైంది" అన్న ముక్క చాలు ఆవిడకి.

"పెట్టె ఎలాగూ సిద్ధంగానే ఉంది," అంది.

కిటికీలోంచి ఎండ పడి, అబెకె నీడ తెల్లటి గచ్చు మీద సాగి ఉంది. బిగబట్టమని దానికెవరూ చెప్పలేదు. అది వదిలేసింది. అంచునుంచి పసుప్పచ్చగా ఒక పాయ గోడవైపు పారింది.

"రంగువాళ్ల నీడ కదా, చూసుకోవద్దూ నేను," అని తనని తనే తిట్టుకుంటూ నర్సు ఉతికిన తుండు తెచ్చి నీడ మీద అద్ది, సీసాలోకి పిండింది. ఏదో మందు బొట్లు వేసింది. ఆ వాసన అబెకెకి తెలుసు, అచ్చం బూడిదనీళ్లదే. పసుపు కాస్తా ఒక్కసారి మందారమైంది. రంగు పోల్చి చూసే చిన్న చెక్కపెట్టెలో వరసగా ఉన్న ఎర్రటి గాజుగొట్టాల పక్కన సీసా పెట్టి చూసి, డాక్టరు నవ్వాడు.

"దిగాల్సిన రంగంతా దిగింది. కిడ్నీలు గట్టివి."

"రంగు కారిపోతే గట్టిదంటాడేంట్రా?" అంది హుమానీ కొడుకుతో. "జాడిస్తే వెలిసే గుడ్డ గట్టిదా?"

సూబెరు డాక్టర్ని చూశాడు, తల్లిని చూశాడు, ఎవరి మాట పట్టాలో తేలక గోడని చూశాడు. అబెకె ఆ ఎరుపునే చూస్తూ ఉండిపోయింది. రంగు వదలని కుండని వీధిలో ఎవరూ ఉంచుకోరు.

"నేను గుడ్డనని ఎవరన్నారత్తా?" అంది నెమ్మదిగా. "నేను కుండని."

అని, ఇక ఆగలేక, రెండో సీసా పట్టుకుని మరుగుదొడ్డికి పరిగెత్తింది.

తిరిగొచ్చాక డాక్టరు ఏం తింటున్నావని అడిగాడు. కర్రపెండలం పిండితో చేసే లఫున్ ముద్ద, ఆకు పులుసు అంది. మాంసం? చేప? అబెకె అత్తని చూసింది. అత్త కిటికీని చూసింది. ఈ ఉబ్బు తగ్గాలంటే రోజూ మాంసమో చేపో, బొబ్బర్లో కడుపునిండా పెట్టాలని, నిలబడి కాకుండా కూర్చుని పని చెయ్యాలని డాక్టరు చెప్పాడు.

సూబెరు నోరు విప్పాడు. "ఆ మందు ఏ షాపులో దొరుకుతుందండీ?"

"నీ కంచంలో," అంది నర్సు.

సూబెరు దారిలో కాల్చిన చేప కొన్నాడు. ఇంటికొచ్చేసరికి రేకుపెట్టె వరండాలో అలాగే ఉంది. అబెకె దాన్ని కుండ దగ్గరికి ఈడ్చి, దానిమీద కూర్చుని, కాళ్లు చాపుకుంది. నీలం నీడ, అంచున సన్నటి ఎర్ర జరీ, హుమానీ నమాజు చాప దాకా వెళ్లింది.

"ఎండ చూసుకో," అంది హుమానీ.

"డాక్టరు కూర్చోమన్నాడత్తా," అంది అబెకె. "రాలియా నాన్నా, ఆ చేపముక్కలు ఇటు పంపు."