మూల నుంచి మూలకి ఇరవై ఏడంగుళాలు

కంప్యూటర్ల షాపులో అడుగుపెట్టగానే మాస్టర్ చూసింది కంప్యూటర్లని కాదు, వాటిని అమ్మే మనిషి చొక్కాని. ఎడమ భుజం కుట్టు చెయ్యి మీదికి జారిపోయింది. కాలర్ ఒక పక్క లేచి నిలబడింది. రెండో గుండీ దగ్గర గుడ్డ ఊపిరాడక ముడుచుకుపోయింది. ఇలాంటి చొక్కా తొడుక్కుని నలుగురి మధ్య తిరగడానికి సిగ్గుపడనివాడు ఇప్పుడు తనకి ఒక వస్తువు మంచిచెడ్డలు చెబుతాడట. మాస్టర్ మెడలో వేలాడుతున్న టేపుని సరిచేసుకుని, సరే చెప్పమన్నట్టు గడ్డం ఎగరేశాడు.

"ఇది ఇరవై ఏడంగుళాలది సార్. ఆల్ ఇన్ వన్. కింద వేరే పెట్టె ఉండదు. అంతా ఈ తెర వెనకే ఉంటుంది."

మాస్టర్ టేపు తీసి తెరకి అడ్డంగా పెట్టాడు. ఇరవై మూడున్నర. నిలువుగా పెట్టాడు. పదమూడుంబావు.

"ఇందులో ఇరవై ఏడు ఎక్కడుంది?"

"అలా కాదు సార్, ఇలా కొలవాలి," అని ఆ మనిషి కింది మూల నుంచి పై మూలకి గాల్లో వేలితో గీత గీశాడు.

మాస్టర్ అతని వంక జాలిగా చూశాడు. రెండు మీటర్ల గుడ్డ అడిగితే ఐమూలగా కొలిచి ఇచ్చే వ్యాపారి ఎవడైనా ఉంటే సాయంత్రానికల్లా జనం వాడి కొట్టు మూయిస్తారు. ఇక్కడ మాత్రం అద్దాల గదిలో, చల్లగాలిలో, మెడలో కార్డు వేసుకుని మరీ ఐమూలగా కొలుస్తున్నారు. చదువుకున్నవాళ్ళు తలలూపి కొనుక్కుపోతున్నారు.

"చూశావా," అన్నాడు కూతురితో. "మొదటి మాటలోనే మూడున్నర అంగుళాలు అబద్ధం."

"అందరూ అలాగే కొలుస్తారు నాన్నా," అంది కూతురు. ఆమె భుజాన పొడుగాటి గుడ్డసంచి ఉంది. అందులో తమ కుట్టు షాపు అట్టలున్నాయి.

మాస్టర్‌ది యూనిఫారాలు కుట్టే షాపు. ఒకటే గది. మధ్యలో పన్నెండడుగుల బల్ల, గోడ వార మూడు మిషన్లు, వాటి పైన మేకులకి వేలాడే అట్టల కట్టలు. కోటు ముందుభాగానికో అట్ట, వీపుకో అట్ట, చేతికి, కాలరుకి, అలా ఒక్కో సైజుకి ఒక్కో కట్ట. అట్టని గుడ్డ మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, కత్తిరించడం మాస్టర్ పని. అట్ట అంచున ఎక్కడ గాటు ఉంటే గుడ్డకీ అక్కడే కత్తెర మొనతో చిన్న గాటు పెడతాడు. కుట్టేవాడు చేతి మీది గాటుని చంక మీది గాటుతో కలిపి కుట్టుకుపోవాలి. ఆ షాపులో శాసనం అదొక్కటే. గాటుకి గాటు కలుపు, నీ బుర్ర వాడకు. మిషన్ మీద కూర్చున్న ప్రతివాడికీ ముప్పై ఏళ్ళుగా మాస్టర్ మొదటిరోజే చెప్పే మాట ఇది.

ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు విన్నవాడు బావమరిది. పద్దెనిమిదేళ్ళు ఆ షాపులో కుట్టాడు. పోయిన ఏడాది ఒక ల్యాబుకి పంపిన చిన్న సైజు తెల్ల కోట్లు అరవైకి అరవై వెనక్కొచ్చాయి. చేతులు మెలితిరిగాయి, పై అరలో సీసా అందుకోబోతే కోటంతా మెడ మీదికి వస్తోంది అని ల్యాబువాళ్ళు చీటీ పెట్టారు. బావమరిది అట్ట తీసుకొచ్చి చంక గాటు మీద వేలు పెట్టి, "ఇది కిందికుంది బావా," అన్నాడు. మాస్టర్‌కి ఒళ్ళు మండింది. తను కోసిన అట్టకి వీడు వంక పెట్టడమా. పనివాళ్ళందరూ వింటుండగా, "నీ చేతులు వణికితే నా అట్ట మీద పడి ఏడుస్తావేం," అన్నాడు. బావమరిది అదే మాట ఇంకో రెండుసార్లు చెప్పి చూశాడు. మర్నాడు తన కత్తెర, తను కూర్చునే దిండు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు బస్టాండు పక్కన బ్యాగులకి జిప్పులు వేసుకుంటున్నాడు.

అప్పటినుంచి మాస్టర్ భార్య మొగుడికి భోజనం వడ్డిస్తుంది, బట్టలు మడతపెడుతుంది, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడదు. "మీ తమ్ముణ్ణి తప్పు ఒప్పుకోమను, రేపే వచ్చి మిషన్ మీద కూర్చోమను," అని మాస్టర్ ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. తప్పు ఒప్పుకోవడానికి బావమరిది రాలేదు. మాస్టర్ పిలవనూ లేదు.

ఈ మధ్య ల్యాబువాళ్ళు మళ్ళీ కబురు పెట్టారు. ఒక్క కోటు కుట్టి చూపించండి, సరిగ్గా ఉంటే ఈసారి నూట ఇరవై ఇస్తాం అన్నారు. ఆ రోజే కూతురు ఈ తెర సంగతి ఎత్తింది. బట్టల కటింగులో ఏదో కోర్సు చదివి షాపులో కూర్చుంటోంది కదా, అట్టలన్నిటికీ ఫోటోలు తీసి పలకంత లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. పెద్ద తెర ఉంటే అట్ట అసలు సైజులో కనబడుతుందట. గుడ్డ మీద కత్తెర పెట్టకముందే చెయ్యి చంకలో సరిగ్గా కూర్చుంటుందో లేదో చూసుకోవచ్చట.

"ముప్పై ఏళ్ళూ నేను కళ్ళు మూసుకుని కోశానా," అన్నాడు మాస్టర్.

ఆ మాటకొస్తే కళ్ళ సంగతి కూడా ఇంట్లో నలుగుతూనే ఉంది. మాస్టర్ కళ్ళజోడు పదేళ్ళనాటిది. ఒక కాడకి దారం చుట్టి ఉంటుంది. డాక్టరుకి చూపించుకోమని కూతురు పోరితే, "నా చూపుకేం, ఈమధ్య సుద్దలే మసగ్గా గీస్తున్నాయి," అనేవాడు. సుద్దలు తయారుచేసేవాళ్ళకి ఓ ఉత్తరం రాయాలని కూడా అన్నాడు.

తెర కొనాలా వద్దా అని వీధిలో అడిగితే సలహాలకి కొదవలేదు. పక్కనున్న జిరాక్సు షాపాయన, "ఒక్క భాగం పోతే మొత్తం పోయినట్టే, కొనకండి," అన్నాడు. వీధిలో కంప్యూటర్లు బాగా తెలిసినవాడని ఆయనకి పేరు. ఎందుకంటే ఆయన దగ్గర మూడు పాడై పడున్నాయి. ఎదురుగా ఉన్న మందుల షాపావిడ, "మా అన్నయ్యగారింట్లో ఉంది, హాలుకి ఎంత నిండుదనమో," అంది. వస్తువు దేనికో తెలియకుండా అభిప్రాయం మాత్రం ఇస్త్రీ చేసి సిద్ధంగా పెట్టుకుంటారు మనుషులు.

చివరికి కూతురితో పందెం లాంటిది కుదిరింది. అట్టలు పట్టుకుని కంప్యూటర్ల షాపుకి పోవాలి. తెర మీది గీతా అట్టా సరిపోతే కొనాలి. తేడా వస్తే ఇక ఇంట్లో దాని మాట ఎత్తకూడదు. తేడా వస్తే తప్పు మిషన్‌దేనని మాస్టర్‌కి ముందే తెలుసు కాబట్టి వెంటనే ఒప్పుకున్నాడు. మెడలో టేపుతో వచ్చింది అందుకే.

"ఒకటి అడుగుతాను," అన్నాడు అమ్మే మనిషితో. "లోపల ఏదన్నా చెడిపోతే తెర కూడా తీసుకెళ్ళాల్సిందేనా?"

"అవును సార్. కానీ రెండేళ్ళ వారంటీ ఉంది."

"చొక్కానీ ప్యాంటునీ కలిపి కుట్టేసి, ప్యాంటు చిరిగితే చొక్కా కూడా విప్పి ఇవ్వమన్నట్టుంది."

అమ్మే మనిషి నవ్వాడు. మాస్టర్ నవ్వలేదు. ఆ నవ్వులో గుండీ ఇంకాస్త బిగుసుకోవడం మాత్రం గమనించాడు.

కూతురు నిన్ననే వచ్చి తనకి కావలసిన ప్రోగ్రాము ఆ కంప్యూటర్లో వేయించుకుని వెళ్ళింది. ఇప్పుడు పెన్ డ్రైవ్ పెట్టి, చిన్న సైజు కోటు చేతిని తెర మీద అడ్డంగా పరిచింది. నల్లటి తెర మీద తెల్లటి గీత. సంచిలోంచి అదే సైజు అట్ట తీసి గీత మీద ఆనించింది. అంచు అంచుకి అతుక్కుపోయింది. మాస్టర్ వంగి చుట్టూ చూశాడు, టేపుతో మూడుచోట్ల కొలిచాడు. నలుసంత తేడా లేదు.

"సరేలే. గీత గీయడం సుద్దకి కూడా వచ్చు," అన్నాడు.

"ఇప్పుడు చేతిని చంకలో కూర్చోబెడతా చూడు."

ముందుభాగం గీత వచ్చింది. చేతి గీత ఎర్రగా మారి, భుజం దగ్గర అతుక్కుని, చంక వంపు వెంబడి మెల్లగా తిరిగి వచ్చింది. రెండు గాట్లూ రెండు చిన్న గీతలుగా కనబడ్డాయి. కలవలేదు. ఒకటి పైన, ఒకటి కింద.

"అదీ," అన్నాడు మాస్టర్. "మిషన్ తప్పు." టేపు పెట్టి కొలిచాడు. సరిగ్గా అరంగుళం. "దీనికి లెక్కలు రావు. పక్కదాంట్లో పెట్టు."

అమ్మే మనిషి ఓపిగ్గా పక్కనున్న ఇరవై నాలుగంగుళాల దాంట్లోనూ ప్రోగ్రాము వేశాడు. అందులోనూ అరంగుళమే.

"రెండూ ఒకే కంపెనీ. ఒకే అబద్ధం నేర్పుంటారు. ఆ మూలదాంట్లో చూపించు."

అది వేరే కంపెనీది. అందులోనూ అరంగుళమే. మాస్టర్ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఆ గీతలు మరీ స్పష్టంగా కనబడుతున్నాయి. ఒక గీతని ఇంత స్పష్టంగా చూసి ఏడాది దాటిందని అప్పుడు తట్టింది. ఆ ఆలోచన అతనికి నచ్చలేదు.

"నువ్వు ఫోటో తీయడంలోనే పొరపాటు చేసుంటావు. అట్టలు ఇలా తే."

కూతురు సంచి మొత్తం అతనికిచ్చేసింది. అందులో చెయ్యి పెడితే పోయిన ఏడాది కోసిన ముందుభాగం కొత్త అట్టతో పాటు ఇంకొకటి తగిలింది. మెత్తబడి, అంచులు నూనె రంగుకి తిరిగిన పాత అట్ట. ఇరవై ఏళ్ళు వాడినది. దాన్ని చూసి గీసే కొత్తది కోశాడు. పాతదాన్ని బీరువా వెనక పడేశాననుకున్నాడు.

రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి బల్ల మీద తట్టి సర్దాడు. భుజం సరిపోయింది. మెడ సరిపోయింది. చంక వంపు సరిపోయింది. గాటు దగ్గర కళ్ళకి ఏమీ తెలియలేదు. ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టాడు. అప్పుడు బొటనవేలి గోరుతో అంచు వెంబడి పైనుంచి కిందికి రాసుకుంటూ వచ్చాడు. గోరు ఒకచోట ఆగింది. అరంగుళం కింద మళ్ళీ ఆగింది.

మొదట ఆపింది పాతదాని గాటు. రెండోది తను పెట్టినది.

అరవై కోట్లకీ బావమరిది గాటుకి గాటు కలిపాడు. తన బుర్ర వాడలేదు. వాడకుండా చేసింది ఎవరో మాస్టర్‌కి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"ఈ పాతది సంచిలో ఎవరు పెట్టారు?"

"నేనే."

"నీకెప్పటినుంచి తెలుసు?"

"నాలుగు నెలలైంది."

"మరి చెప్పలేదేం?"

"మామయ్య చెబితే ఏమైందో చూశాగా."

మాస్టర్ అట్టలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంతసేపూ తిట్టుకోవడానికి మనుషులు వరసలో దొరికారు. జిరాక్సు ఆయన, మందుల షాపావిడ, సుద్దలు చేసేవాళ్ళు, ఈ చొక్కా మనిషి. ఇప్పుడు ఆ వరస తన దగ్గరికొచ్చి ఆగిపోయింది. సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని సిగ్గు. అందులోనే ఇంకా ఒక పాత గొంతు, వాడైనా గట్టిగా చెప్పాల్సింది కదా అని గొణిగింది. ఆ గొంతు తనదే. దాన్ని వింటుంటే అసహ్యం వేసింది.

"కూర్చోండి సార్," అని అమ్మే మనిషి కుర్చీ లాగాడు. ఆ భుజం జారిన చొక్కా మనిషే లాగాడు.

మాస్టర్ కూర్చోలేదు. "ప్యాక్ చెయ్యి," అన్నాడు.

"ఏది సార్?"

"నువ్వు ఇరవై ఏడు అంటావే, ఆ ఇరవై మూడున్నరది."

పెట్టెని అద్దె వ్యాన్ వెనక ఎక్కించాక డ్రైవరు షాపు వైపు తిప్పబోయాడు. మాస్టర్ అతని భుజం తట్టి, ముందు బస్టాండుకి పోనిమ్మన్నాడు. కూతురు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది గానీ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఆమె వాళ్ళ అమ్మ పోలిక.

బస్టాండు గోడకి ఆనించి ఒక రేకు, దాని కింద ఒక మిషన్. బావమరిది ఎర్ర సూట్‌కేసు ఒకటి ఒళ్ళో పెట్టుకుని జిప్పు లాగి చూస్తున్నాడు. బ్యాగులు పట్టుకుని నలుగురైదుగురు చుట్టూ నిలబడున్నారు. బావని చూసి అతను లేవలేదు, నవ్వలేదు. జిప్పు మళ్ళీ ఒకసారి లాగాడు.

మాస్టర్ ఆ నలుగురికీ వినబడేలాగే మాట్లాడాడు. పోయిన ఏడాది కూడా నలుగురికీ వినబడేలాగే మాట్లాడాడు కదా.

"చంక గాటు కిందికుంది."

"తెలుసు."

"అరంగుళం. నేనే తప్పు కోశాను. నీ చేతిలో ఏం లోపం లేదు. వచ్చి నీ మిషన్ మీద నువ్వు కూర్చో."

బావమరిది సూట్‌కేసు పక్కన పెట్టాడు. వ్యాన్ తలుపు తెరిచే ఉంది. లోపల పెట్టె, దాని మీద నిగనిగలాడే పెద్ద తెర బొమ్మ. అతను దాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"అదేంటి?"

"కంప్యూటరు. అందులో పెడితే కనబడింది."

బావమరిది ఆ పెట్టె మీదినుంచి చూపు తిప్పి బావ ముఖంలోకి చూశాడు. దారం చుట్టిన కళ్ళజోడుని కూడా చూశాడు.

"వేలు పెట్టి చూపించాను నీకు. మూడుసార్లు చెప్పాను. అది కనబడడానికి నీకు ఇంత పెట్టె కావాల్సొచ్చిందా బావా?"

"కావాల్సొచ్చింది," అన్నాడు మాస్టర్.