మడత గీతలు

పొద్దుటి నుంచి తొమ్మిది గుమ్మాలు ఎక్కి దిగారు తల్లీకూతుళ్లు. ఒకచోట పెళ్లయినవాళ్లకే ఇస్తామన్నారు. ఇంకోచోట "నాన్న లేడా? అయితే వద్దులే" అని తలుపేశారు, పోయినవాడు వచ్చి గది పాడుచేస్తాడనుకున్నారు కాబోలు! తెల్లారితే సోమవారం, యూనివర్సిటీలో క్లాసులు మొదలు. హాస్టల్ నిండిపోయింది. ఊరి నుంచి రోజూ వచ్చి పోవాలంటే బస్సులోనే ఐదు గంటలు. సాయంత్రంలోగా గది దొరక్కపోతే కూతురికి వచ్చిన సీటు చేజారినట్టే.

పదో ఇంటావిడ మాత్రం గేటు దాకా ఎదురొచ్చింది. చల్లటి నీళ్లిచ్చి, "మీరేం చేస్తుంటారు వదినగారూ?" అనడిగింది.

"ఇస్త్రీ చేస్తానమ్మా. జతకి పది."

ఆ మాటకి మొహం చిట్లించని మనిషి ఆ రోజుకి ఆవిడొక్కతే. కూతురు పొంగిపోయింది. తల్లికి మాత్రం ఎక్కడో అనుమానం తగిలింది. అతి వినయం ధూర్త లక్షణం అని ఊరికే అన్నారా!

గది మేడమీద. రెండు మంచాలు, ఒక కిటికీ, నెలకి మూడు వేలు. 'మూడొందల జతలు' అనుకుంది తల్లి. ఒక మంచం మీద రెండో ఏడాది చదివే అమ్మాయి పుస్తకం పట్టుకుని కూర్చుంది. పలకరింపుగానైనా నవ్వలేదు.

తల్లి కళ్లు ఆ పిల్ల చొక్కా మీద పడ్డాయి. శుభ్రమైన బట్టే. కానీ నిలువునా, అడ్డంగా లోతైన మడత గీతలు. ఇరవయ్యేళ్లుగా ఇస్త్రీ చేస్తున్న మనిషికి ఒకరు చెప్పాలా? అలాంటి గీత రాత్రికి రాత్రి పడదు. బట్టల్ని పెట్టె అడుగున కుక్కి నెలలపాటు వదిలేస్తే పడుతుంది. వంగి మంచం కింద చూసింది. తాడు చుట్టిన సూట్‌కేసు కనిపించింది, ఆ తాడు కూడా మాసి నల్లబడిపోయింది.

"ఊరెళ్తున్నావా తల్లీ?"

"లేదండీ."

"మరి సర్దేసుకున్నావే?"

ఆ పిల్ల ఇంటావిడ వైపు ఒకసారి చూసి, మళ్లీ పుస్తకంలో తల దూర్చింది.

"వేరేచోటికి మారదామని ముచ్చటపడిందిలెండి" అని నవ్వేసింది ఇంటావిడ. "చిన్నపిల్లల మాటలు! పదండి, కిందికి వెళ్లి కాయితాల పని చూద్దాం."

కింద హాల్లో బీరువా తెరిచింది. అరల నిండా ఫైళ్లు.

"ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇలా ఇవ్వమ్మా. చదువయ్యాక తీసుకుందువుగాని. అందరూ ఇచ్చినవే, మా ఇంటి పద్ధతి ఇది."

కూతురు సంచిలోంచి ఫైలు తీసి చాచింది. తల్లి దాన్ని గభాలున పట్టుకుంది.

"ఉండవే!"

"అమ్మా, అందరూ ఇస్తున్నారుగా!"

"పైనున్న పిల్ల కూడా ఇచ్చింది." తల్లి ఇంటావిడ వైపు తిరిగింది. "ఆ అమ్మాయి వెళ్లిపోతానని అడిగి ఎన్నాళ్లయిందమ్మా?"

"అది నీకెందుకు?" వదినగారు ఎటు పోయిందో, 'నువ్వు' ఊడిపడింది.

"నా దగ్గర ఊరందరి బట్టలూ ఉంటాయి. అడిగిన రోజు ఇవ్వకపోతే నన్ను దొంగ అంటారు. మరి దీన్నేమనాలి?"

"ఇష్టముంటే ఉండండి, లేకపోతే దారి చూసుకోండి. చీకటి పడేలోగా మీకు గది ఎవరిస్తారో నేనూ చూస్తా."

కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా సీటు పోతుందమ్మా" అంది. తల్లికీ భయం వేసింది, నిజంగా వేసింది. పిల్ల చదువుని తన చేతులతో తనే నరికేస్తోందేమో! అయినా ఫైలు తీసి సంచిలో పెట్టి, గుమ్మం దాటింది.

గేటు దాకా వెళ్లారో లేదో, వెనకాల మెట్ల మీద దబ్, దబ్ మని చప్పుడు. కింది మాటలన్నీ విన్నట్టుంది, మేడమీది పిల్ల తాడు కట్టిన సూట్‌కేసుని మెట్టు మెట్టుకీ ఈడ్చుకుంటూ దిగుతోంది. చెమటలు కక్కుతూ వచ్చి బీరువా ముందు నిలబడింది.

"నా సర్టిఫికెట్లు ఇచ్చెయ్యండి ఆంటీ."

ఇంటావిడ బీరువా మూసి తాళంచెవి గుప్పిట్లో బిగించింది. తల్లి వెనక్కి తిరిగి వచ్చింది. చెప్పులు విడిచి, గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది.

"కూర్చోవే" అంది కూతురితో. "ఈ పిల్ల కాయితాలు రానీ. గది ఇప్పుడు ఇద్దరికి వెతకాలి."