శుక్రవారం చెల్లు

సుంకిరెడ్డి భూములు అమ్మిన పద్ధతి చూసి ఆయన్ని ధర్మప్రభువని మెచ్చుకున్నవాళ్ళున్నారు. ఊరికి మూడు మైళ్ళ అవతల, రాళ్ళూ కంపచెట్లూ తప్ప మరొకటి పెరగని నూటిరవై ఎకరాల బీడును పన్నెండు ముక్కలు చేసి, సెంటు భూమి లేని పన్నెండు కుటుంబాలకు వాయిదాల మీద ఇచ్చాడు. పదెకరాలు మూడు వందలు. ముందుగా యాభై, మిగిలింది ఏటేటా పంటను బట్టి. కాగితంలో ఒకటే మెలిక. ఏ ఏడైనా ఏప్రిల్ ముప్పై పొద్దుగూకేలోగా కనీసం ఐదు రూపాయలు రెడ్డి ఇంట జమపడాలి, ముట్టినట్టు కాగితం వెనుక గుమాస్తా చెల్లు రాసి సంతకం పెట్టాలి. పడకపోతే భూమి, దానికి చేసిన బాగుతో సహా, రెడ్డిదే.

ఆ కాగితాలు రాసింది గుమాస్తా కంబన్న. "ఐదు రూపాయలకు భూమి యాడికి పోతాదప్పా, నేను లేనా?" అని ఇంటింటికీ తిరిగి ధైర్యం చెప్పి వేలిముద్రలు వేయించిందీ అతనే. జనం రెడ్డిని కాదు, కంబన్న మాటను నమ్మి కొన్నారు.

మూడేళ్ళలో రెండేళ్ళు కరువే. అయినా వాళ్ళు అక్కడే గుడిసెలు వేసుకుని కంపలు నరికారు, రాళ్ళు ఏరి గట్లు వేశారు. గంగక్క అనే విధవరాలైతే కొడుకును వెంటబెట్టుకుని బావే తవ్వింది. ఆ మధ్య కర్నూలు రాజధాని అయింది. తుంగభద్ర కాలువ ఇటుగా వస్తుందని ఎవరో గొలుసులు పట్టుకుని కొలిచి పోయారు. నిన్నటిదాకా గాడిద కూడా మేయని నేల ఎకరా రెండు వందలు పలికింది. అప్పుడుగానీ రెడ్డికి తను చేసిన ధర్మం ఎంత ఖరీదైందో తెలిసిరాలేదు.

బుధవారం ఉదయం ఆయన కంబన్నను పిలిపించాడు.

"గడువు ఎప్పుడురా?"

"ఎల్లుండేనయ్యా. శుక్రవారం."

"శుక్రవారం పూట దుడ్లు ఇల్లు దాటిస్తారా ఎవరన్నా?"

కంబన్నకు సంగతి అర్థమైంది. లక్ష్మిని పంపించినట్టవుతుందని శుక్రవారం అప్పు తీర్చరు, దీపాలు పెట్టాక ఏరోజూ ఇవ్వరు. ఇది తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల పుట్టలేదు.

"రేపు నువ్వు ఊళ్ళో ఉండొద్దు. దీపాలు పెట్టినాక రా. ఎవరన్నా నా దగ్గరికొస్తే, లెక్కలు గుమాస్తావి, వాన్నే అడుగుపో అంటా." రెడ్డి ఆకులో సున్నం రాసుకుంటూ నవ్వాడు. "గంగక్క పదెకరాలు బావితో సహా నీకు రాసిస్తా. రిజిస్ట్రీ ఖర్చు నువ్వు పెట్టుకో."

పదహారేళ్ళుగా ఊరందరి భూముల లెక్కలు రాసిన కంబన్నకు సొంతానికి కుండీలో మట్టి కూడా లేదు. ఆశ పుట్టింది. ఆశ పుట్టినందుకు సిగ్గూ వేసింది. కానీ నోటివెంట వచ్చింది మాత్రం "అట్లనే అయ్యా" అన్న మాటే.

గురువారమంతా దొంగలాగా పక్క ఊళ్ళో సుంకులమ్మ గుడి వెనక కూర్చున్నాడు. ఇంట్లో దాచిన డెబ్బై రూపాయలు, రిజిస్ట్రీ కోసమని, నడుముకు కట్టుకున్న సంచిలో బరువుగా తగులుతున్నాయి. చీకటి పడ్డాక ఇంటికి వస్తే, అరుగు మీద గంగక్క, ఆమె పొరుగు రైతు చిన్న ఈరన్న.

"పొద్దున్నుంచీ కూకోనుండామప్పా. యాడికి పోయింటివి?" అంది గంగక్క. ఆమె కొంగున ముడి ఉంది. "సెనక్కాయలు అమ్మినాం. అందరం తలా ఐదు పెట్టుకున్నాం. కానీ దీపాలు పెట్టేసిరి. రేపు శుక్రవారం. శనివారం తెల్లారకముందే తెచ్చిస్తా, ఏమంటావు?"

శనివారమైతే చెల్లదని ఒక్క మాట చెబితే చాలు. కంబన్న చెయ్యి నడుము సంచి మీదికి పోయింది.

"సరే, గంగక్కా," అన్నాడు.

ఆమె నమ్మకంగా లేచి వెళ్ళిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం దాకా రెడ్డి ఇంట్లో కాగితాల పెట్టె ముందు కూర్చుని కంబన్న ఒక్క అక్షరమూ చదవలేదు. ఎక్కడ చూసినా ఆమె కొంగు ముడే కనబడుతోంది. చివరికి, ఛీ నా బతుకు, అనుకుని సిరాబుడ్డి, కలం చేతబట్టుకుని ఎండలో బీడు దారి పట్టాడు.

"గంగక్కా, దుడ్లు ఇప్పుడే తియ్. పొద్దుగూకితే భూమి నీది కాదు," అన్నాడు ఆయాసపడుతూ.

నిన్నటి మోసమంతా చెప్పేశాడు. విన్నవాళ్ళలో చిన్న ఈరన్న చేతికర్ర పట్టుకుని లేచాడు. గంగక్క అతన్ని ఆపింది. గుడిసె గూట్లో దేవుని కుండ కింద ఉన్న దుడ్ల ముడి ముందు నిలబడి చెయ్యి చాచింది. వెనక్కి తీసుకుంది.

"నా వల్ల కాదప్పా. ఒకసారి శుక్రవారం ఎద్దు బాకీ కట్టినా. ఆదివారానికి నా మొగుడు పోయినాడు. ఇప్పుడు నాకుండేది ఒక్క కొడుకు. భూమి పోతే పోనీ."

ఆమె వద్దన్నాక మిగతా పదకొండు ఇళ్ళలోనూ ఒక్క చెయ్యి లేవలేదు. పొద్దు వాలుతోంది. ఇంకా మూడు మైళ్ళు నడవాలి.

కంబన్న నడుము సంచి విప్పాడు.

"కాగితాలు తేపోండి అందరూ. బిరబిరా."

"ఇవి ఎవరి దుడ్లు?" అంది గంగక్క.

"నావే."

"ఈపొద్దు శుక్రవారం నీకు కాదా? నీ ఇంటికి కీడు రాదా?"

"రానీ," అన్నాడు కంబన్న. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా నోటితో నమ్మించి అమ్మినా. ఈ పాపానికి వచ్చేదేదో నాకే రానీ."

పన్నెండు కాగితాల వెనుక పన్నెండు చెల్లులు రాసి సంతకాలు పెట్టాడు. సిరా ఆరేదాకా కూడా ఆగలేదు. వయసు మరిచి, చెప్పులు చేత్తో పట్టుకుని ఊరివైపు పరుగెత్తాడు.

రెడ్డి ఇంటికి చేరేసరికి పొద్దు కొండంచున ఉంది. రెడ్డి కనిపిస్తే డబ్బు తీసుకోడని కంబన్నకు తెలుసు. గడపకు పసుపు రాస్తూ రెడ్డి తల్లి ఓబులమ్మ కనిపించింది.

"అవ్వా, బీడు భూముల బాపతు అరవై రూపాయలు. లోపల పెట్టు."

"శుక్రవారం పొద్దు లక్ష్మి నడిచొచ్చింది!" ముసలామె ముఖం వెలిగిపోయింది. రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. నేరుగా వెళ్ళి దేవుని పెట్టెలో వేసి, తాళం తిప్పింది. ఆ తర్వాతే దీపం వెలిగించింది.

దొడ్లోంచి వచ్చిన రెడ్డికి సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ముఖం నల్లబడింది.

"అమ్మా, ఆ దుడ్లు వాని మొగాన కొట్టు!"

"నీకేమన్నా మతి పోయిందా నాయనా? శుక్రవారం వచ్చిన లక్ష్మిని, దీపం పెట్టినాక బయటికి పంపమంటావా? నేను బతికుండంగా అది జరగదు."

రెడ్డి పళ్ళు నూరాడు. తల్లి మాటకు ఎదురు చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక శుక్రవారం నాడు ఆ ఇంటి నుంచి అర్ధణా బయటికి పోవడం ఆయనా చూడలేదు.

"కాగితాల పెట్టె తాళాలు ఆడ పెట్టి పో. మళ్ళీ ఈ గడప తొక్కొద్దు."

కంబన్న తాళాలు అరుగు మీద పెట్టాడు. పదహారేళ్ళుగా అవి మొలతాడుకు వేలాడిన చోటు ఒక్కసారిగా ఖాళీ అయింది. భయం వేసింది. రేపు ఏం తినాలో, పెళ్ళాం మహాదేవమ్మకు ఏం చెప్పాలో తెలియలేదు.

శనివారం తెల్లారకముందే తలుపు చప్పుడైంది. గంగక్క. ఆమె వెనక చిన్న ఈరన్న, ఇంకా పదిమంది. ఆమె కొంగు ముడి విప్పి ఐదు రూపాయలు అరుగు మీద పెట్టింది. ఒక్కొక్కరే వచ్చి పెట్టారు.

"ఇప్పుడు నా కాడ లెక్కల పుస్తకం ల్యాదు గంగక్కా. రాసుకోనీకి రాదు," అన్నాడు కంబన్న.

"రాసేదేంది? శనివారం ఇస్తానంటి, ఇచ్చినా," అంది గంగక్క. లేవబోతూ ఆగింది. "నిన్నటి కీడు ఒక్క ఇంటి మీద పడితే మోయలేవప్పా. పన్నెండు ఇండ్లకు పంచుకుందామనుకున్నాం. అందరి గట్లు కాస్త కాస్త జరిపితే మధ్యలో నీకొక ఎకరా వస్తాది. రా, నువ్వే కొలుచుకో."