చక్రం వెనక్కి తిరిగితే

రోజూ ఉదయం లారీ దిగగానే పెద్దిరాజు టీ కంటే ముందు చక్రం వైపు చూస్తాడు. ఓడల యార్డులో అందరిదీ అదే అలవాటు.

డాక్‌లో ఉన్నది వందేళ్ల నాటి స్టీమరు. రెండు పక్కలా ఇల్లంత ఎత్తు తెడ్ల చక్రాలు. ఒకప్పుడు షికారు జనాన్ని తిప్పేది. యుద్ధం రాగానే నేవీవాళ్లు బూడిదరంగు పూసి, ముందు ఫిరంగి బిగించి, సముద్రంలో శత్రువులు పెట్టిన మందుపాతర్లు ఏరడానికి పంపారు. ఇప్పుడేమో దాన్ని హోటలుగా మారుస్తున్నారు. ఇంజను ఎప్పుడో పీకేశారు. అయినా స్టీమరులో ఎక్కడైనా ప్రమాదం పొంచి ఉంటే ఎడమ చక్రం అర చుట్టు వెనక్కి తిరుగుతుంది. అందరూ బయటికొచ్చేస్తారు. సేఫ్టీ ఆఫీసరు శశికాంత్ రిజిస్టరులో 'వాన' అని రాసినట్టే 'చక్రం' అని రాసుకుంటాడు.

పెద్దిరాజు అనుమానం చక్రం మీద కాదు, బాబ్జీ మీద.

బాబ్జీది శ్రీకాకుళంలో పక్క ఊరే. డార్మిటరీలో కింది మంచం వాడిది. మూడేళ్లుగా కలిసే వండుకుంటున్నారు. ఈమధ్య మాత్రం పెద్దిరాజు రాగానే గొంతు తగ్గిస్తున్నాడు. లేక తన చెవులకే అలా ఉందా? ఏడాదిగా ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగమే పనిచేస్తోంది. తెలిస్తే ఇక్కడ పనిచేసే పర్మిట్ రెన్యూ చెయ్యరని ఎవరికీ చెప్పలేదు. కూతురు అరుణ నర్సింగు ఇంకా రెండో ఏడే. ఎవరు నవ్వినా తన గురించేనేమో అనిపిస్తోంది.

సోమవారం బాబ్జీ శశికాంత్ గదిలోంచి రావడం కళ్లారా చూశాడు.

"ఆఫీసులో నీకేటి పనిరా?"

"లీవు అడగడానికెల్లానన్నా."

"ఏ రోజుకి?"

బాబ్జీ తడబడ్డాడు. "ఇంకా అనుకోనేదు."

తన వెల్డరు పని మీద కన్నేశాడు, సందేహం లేదు. ఆ పూట వాడు వండిన పులుసు పెద్దిరాజు ముట్టుకోలేదు. మర్నాటి నుంచీ తను ట్యాంకులోకి దిగినప్పుడల్లా పైన మూత దగ్గర కాపలా బాబ్జీదే కావడం మరీ మంట పుట్టించింది.

గురువారం చక్రం కదల్లేదు. ట్యాంకులో గ్యాసు లేదని గాలి పరీక్ష కాగితమూ వచ్చింది. పెద్దిరాజు అడుగు ట్యాంకులో వెల్డింగు మొదలుపెట్టిన కాసేపటికి చక్రం కిర్రుమని తిరిగింది. సైరన్ మోగింది. ఇరవై మంది బయటికి పరుగెత్తారు. కింద పెద్దిరాజుకు ఇదేమీ తెలియదు. భుజం మీద చెయ్యి పడేసరికి ఉలిక్కిపడి, "నన్నేటి సేద్దామనొచ్చావురా?" అని అరిచాడు. బాబ్జీ కాలరు పట్టి నిచ్చెనెక్కించాడు. ఇద్దరూ డెక్ దాటేలోపే, పాత పైపులోంచి కారిన గ్యాసు అంటుకుని ట్యాంకు నోట్లోంచి మంట లేచింది.

"సైరన్ వినిపించలేదా, పెద్దిరాజు గారూ?" కుడిపక్కకి వచ్చి అడిగాడు శశికాంత్.

పెద్దిరాజు బాబ్జీ వైపు వేలు చూపించాడు. "ఈడు ముందే సెప్పేసుంటాడు కద సార్."

"మీకు వినపడదని సోమవారమే చెప్పాడు. మీ మీద నింద వేస్తున్నాడనుకుని నేనే నమ్మలేదు. కాపలా అయినా తనకే ఇమ్మని పట్టుబట్టి తీసుకున్నాడు."

పెద్దిరాజు వేలు దించేశాడు.

డాక్టరు వెల్డింగు వద్దన్నాడు. ఆ పని బాబ్జీకే వచ్చింది, అంటే అనుమానం మొత్తం తప్పేమీ కాదు. కానీ పర్మిట్ పోలేదు. చక్రం కదిలితే చెప్పమని దాని ఎదురుగా పెద్దిరాజుకు కుర్చీ వేశారు. ఆ పనికి చెవులక్కర్లేదు.

మొదటిరోజు బాబ్జీ కొత్త మాస్కుతో వచ్చాడు. "కాగితం వచ్చిందన్నా. దిగుతున్నాను."

చక్రం నిశ్చలంగానే ఉంది. పెద్దిరాజు లేచి, తుప్పు పట్టిన తెడ్డు మీద అరచెయ్యి ఆనించాడు.

"కాగితాన్నేటి నమ్మడం! ఆగరా, నన్ను సూడనీ."

బాబ్జీ నిచ్చెన మీద ఒక కాలు, డెక్ మీద ఒక కాలు పెట్టి ఆగాడు.