కొండరాతిలో గుల్ల

గుల్లెలా అవుతుంది, కొండ మీద గుల్లేమిటి నా మొహం, మట్టిమరకై ఉంటుంది, లేకపోతే నా కళ్ళే చెదిరి ఉంటాయి, పొద్దున్నించీ ఏడుపొకటి, రాతిదుమ్మొకటి, ఈ కళ్ళనేం నమ్ముతాం అనుకుంటూ వీరాయమ్మ చేతిలోని రాతిముక్క మీద ముంతెడు నీళ్ళు గుమ్మరించింది, నీళ్ళు జారిపోయాయి గానీ మరక జారలేదు, పైగా ఇంకా తేటగా తేలింది, విసనకర్ర మడతల్లాంటి గీతలు, రెండు చిప్పలూ ఒకదాన్నొకటి కరుచుకుని నోరు మూసుకున్న గుల్ల, అంతర్వేది ఒడ్డున కాలికింద పటపటలాడే గుల్లకీ దీనికీ తేడా ఏమన్నా ఉందా అంటే రంగొక్కటే, ఇది రాయిరంగు, ఓసి నా తల్లో, రాతిలోకెలా దూరావే నువ్వు.

రాయన్నది పుట్టని సీమ ఇది, ఎక్కడ తవ్వినా ఒండ్రు, ఇంకా తవ్వితే నీళ్ళు, రుబ్బురోలైనా గుళ్ళో దేవుడైనా గోదాట్లో పడవెక్కి రావలసిందే, అలాంటిచోట, గన్నవరంలో ఏటి మీదుగా కాలవను దాటించిన వంతెన పక్కనే, తాటాకు కొట్టం వేయించుకుని చిన్నదొర రాళ్ళని చదువుకుంటాడు, రాళ్ళలో చదవడానికేముందో ఆ దొరకే ఎరుక, ఎక్కడెక్కడి రాళ్ళో పడవల మీద వస్తాయి, వాటిని సుత్తితో అరచేతంత ముక్కలు కొట్టడం, పలక మీద ముతక ఇసకా నీళ్ళూ వేసి ఒక పక్క చదునయ్యేదాకా రుద్దడం, తరవాత సన్న ఇసకతో రుద్ది, ఆఖరికి నూనెగుడ్డతో తుడిచి దొర బల్ల మీద పెట్టడం వీరాయమ్మ పని, వంతెన కట్టేటప్పుడు గుల్లసున్నం నూరే ఆడవాళ్ళలో ఆమె చేతివాటం చూసి తీసుకున్నారు, గుల్లలు కాల్చిన చేతులకి గుల్ల తెలియదా, తెలుసు, తెలియబట్టే ఈ తికమక, ఎందుకంటే ఈ రాయి వచ్చింది కాతేరు గుట్ట నుంచి, రాజమహేంద్రవరం దగ్గరి కాతేరు గుట్ట, ఇంకాసేపట్లో ఆమె కొడుకు పెదబాబు రాళ్ళు కొట్టే పనికి బయల్దేరుతున్నది ఆ గుట్టకే.

సముద్రం ఎక్కలేని చోటొకటి కావాలి, అంతే ఆమె అడిగింది, దేవుణ్ణి మేడలడిగిందా మాన్యాలడిగిందా, మొగుడు బంగారయ్య సముద్రం మీదికెళ్ళి పోయుంటే ఇంత కసి ఉండేది కాదేమో, ఇంట్లో ఉన్నవాణ్ణి సముద్రమే వచ్చి పట్టుకుపోయింది, ఉప్పెన నాడు అన్నం తింటూ గుమ్మంలో నీళ్ళు చూశాడు, పడవ కట్టేసి వస్తానే అని లేచాడు, చేపముక్క వదిలే మనిషి కాడు, ఆ రోజు వదిలేశాడు, చంటి పెదబాబుని కొంగుతో రొమ్ముకి కట్టుకుని తాడిచెట్టుని కరుచుకుని ఆమె బతికింది, నీళ్ళు తీశాక ఒడ్డు వైపు తిరిగి చూడకుండా గన్నవరం చేరింది, అయినా ఏం లాభం, మీసాలొచ్చిన దగ్గర్నించీ వాడు సందు దొరికితే ఒడ్డుకే పరుగు, చిన్నాన్న పోలిరాజు దగ్గరికి, వచ్చేసరికి ఒళ్ళంతా ఉప్పు, నుదురు ముద్దాడితే పెదవులకి ఉప్పు, ఇక మాటలా, అమ్మా వల ఇలా పడిందే, గాలి అలా తిరిగిందే, చిన్నాన్న నన్ను చుక్కాని పట్టనిచ్చేడే, నోరు మూస్తే ఒట్టు, నీ వాగుడుకి కాకులు కూడా లేచిపోతున్నాయి పడుకోరా అని ఎన్నిసార్లు కసిరిందో.

ఆ పోలిరాజే ఇందాక కొట్టం ముందుకొచ్చి నుంచున్నాడు, ఒదినా, కొత్త పడవ రేపు నీళ్ళలోకి దింపుతున్నాం, చుక్కాని పట్టడానికి అన్న చెయ్యి ఎలాగూ లేదు, అన్న కొడుకు చెయ్యన్నా ఇయ్యొదినా అన్నాడు, మొగుణ్ణి మింగినదానికి కొడుకుని కూడా నేనే వడ్డించాలా మరిదీ అని ఆమె సుత్తి ఎత్తినంత పని చేసింది, ఏరు కొంప ముంచిందని ఏటినీళ్ళు తాగడం మానేసేమా ఒదినా అన్నాడు, మరిదీ, నువ్వు నా ఉసురు పోసుకోకు అంది, అతను తలపాగా విప్పి మొహం తుడుచుకుని, నీ ఇష్టం, నువ్వు పెద్దదానివి, ఒక్క మాట మాత్రం ఇనుకో, ఆడు మాటాడ్డం మానేసేడు, గమనించేవో లేదో అని, రేవు వైపు వెళ్ళిపోయాడు.

గమనించకేం, కన్నతల్లి గమనించదా, గుట్ట మాట ఎత్తినప్పట్నించీ వాడికి ఒకటే మాట, గుట్ట దగ్గర సత్తియ్య మేస్త్రీ నీకు చోటు చూశాడురా అంటే ఆయ్, రాళ్ళ పడవ ఖాళీగా ఎగువకెళ్తోంది దాంట్లో పో అంటే ఆయ్, అక్కడ అన్నం దొరుకుతుందో లేదో అటుకులు మూట కట్టనా అంటే ఆయ్, ఇంటికొచ్చిన పరాయివాళ్ళకి, దారోగాకి, దొరకి చెప్పే ఆయ్, కన్నతల్లికి ఎవడన్నా ఆయ్ అంటాడా, పోవే అమ్మా అనాలి, నీ గోలేంటే అనాలి, పోనీలే, మాట విన్నాడు కదా, బుద్ధిమంతుడయ్యాడు కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది, అదిగో ఇప్పుడు కాలవలో ఆ పడవ మీదే కూర్చున్నాడు, మూట ఒళ్ళో పెట్టుకుని, కొట్టంలోంచి వాడి వీపు కనిపిస్తూనే ఉంది, ఆ వీపు ఇటు తిరగదు.

చిన్నదొర వచ్చింది అప్పుడే, రాయి చూశాడు, చూసి బొమ్మ దొరికిన పిల్లాడిలా గెంతాడు, ఏదేదో అన్నాడు, దొర ఇంట్లో పనిచేసే హన్నా, నరసాపురం మిషను వాళ్ళ దగ్గర పెరిగి వాళ్ళ మాటలు నేర్చినది, గుమ్మం దగ్గర నుంచుని చెప్పింది, వీరాయమ్మగారండీ, ఆ గుట్ట ఒకప్పుడు సముద్రం అడుగంటండీ, ఆ గుల్ల అక్కడే పుట్టిందంటండీ, ఇంకొంచెం రుద్ది ఆకారం పూర్తిగా తేలగానే చెయ్యి తీసేయమంటున్నారండీ, ఆపైన రుద్దితే అరిగిపోతుందంటండీ, వీరాయమ్మకి మొదటి మాట తరవాత ఏదీ బుర్రకెక్కలేదు, గుట్ట మీదికి సముద్రమా, దొరకి మతిగాని పోయిందా హన్నా అంటే, మా గ్రంథంలోనూ ఉందండీ, జలప్రళయంలో కొండలన్నీ మునిగిపోయేయండీ అంది, నిజమే, మన పురాణంలోనూ ఉంది, మత్స్యావతారం, పడవని కొమ్ముకి కట్టుకున్న చేప, ఆ కథ విన్నప్పుడు కథే కదా అని కునికిపాట్లు పడింది, ఇప్పుడు కథ వచ్చి చేతిలో కూర్చుంది.

అయితే ఎక్కడ దాచను వీణ్ణి, రొమ్ముకి కట్టుకుందామంటే ఆరడుగుల మనిషి, కొండెక్కిస్తే సముద్రం అక్కడికి ముందే వెళ్ళొచ్చిందట, వెళ్ళొచ్చిన దారి మరిచిపోతుందా, మళ్ళీ రాదా, రాదులే, ఎన్నటిదో అది, రాకపోతే మాత్రం, సత్తియ్య మేస్త్రీ కుడిచేతికి రెండు వేళ్ళేవీ, మందు పెట్టి రాయి పేల్చేటప్పుడు పోయాయి, ఆ చెయ్యి చూసీ చూడనట్టు మొహం తిప్పుకుంది తనే, ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదేనా, దిగమననా, వెళ్ళమననా, పలక మీద చేతులు వాటంతటవే రుద్దుతున్నాయి, ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ, అమ్మో, చెయ్యి తీసేయమన్నారు కదా, ఉలిక్కిపడి ఎత్తి చూసింది, ఒక చిప్ప అంచు అరిగిపోయింది, దొర ఏమంటాడో, ఏమన్నా అననీ, కడిగి వెలుతురుకి పెట్టింది, ఎందుకు బుద్ధి పుట్టిందో ఏమో, ఎవరూ చూడకుండా నాలిక ఆనించింది.

ఉప్పు లేదు, ఇంకోసారి ఆనించింది, మట్టిరుచి, చప్పగా, చల్లగా, గీతలన్నీ ఉన్నాయి, ఒంపులన్నీ ఉన్నాయి, చూస్తే ఎవరైనా గుల్లే అంటారు, ఉప్పు మాత్రం లేదు, సముద్రం వెళ్ళిపోయాక ఇది గుట్టలో భద్రంగానే ఉంది, ఏ కెరటమూ కొట్టలేదు, ఏ కాలూ తొక్కలేదు, భద్రంగా ఉండి రాయైపోయింది, నోరు మూసుకుని, మళ్ళీ తెరవకుండా, నిన్న సాయంత్రం అన్నం పెడుతూ వాడి నుదురు ముద్దాడితే ఎలా ఉంది, చప్పగా ఉంది, అయ్యో, చప్పగానే ఉంది, నెలయింది వాడు ఒడ్డుకెళ్ళి, అప్పుడు ఇంకేదో పనిలో పడి తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది, పోలిరాజు చెప్పింది ఇదా, వాణ్ణి సముద్రం తినెయ్యకుండా నేనే రాయి చేస్తున్నానా.

కాలవలో పడవ నెట్టే గెడవాళ్ళు కేకేశారు, తాడు విప్పుతున్నారు, రాయి బల్ల మీద పడేసి ఆమె పరిగెత్తింది, మోచేతుల దాకా ఇసకనీళ్ళు, జారిన కొంగు, వెనక హన్నా ఏమైందండీ ఏమైందండీ అని అరుస్తోంది, ఒరే పెదబాబూ దిగు, దిగరా, మీ చిన్నాన్న ఇంకా రేవు దాటి ఉండడు, పరిగెత్తితే అందుకుంటావు, గట్టు మీద నుంచుని ఆయాసపడుతూ అరిచింది, ఆ వీపు తిరిగింది, వాడు ఆమెనీ, గెడవాళ్ళనీ, మళ్ళీ ఆమెనీ చూశాడు, ఆయ్ అంటాడేమోనని ఆమె వాడి నోటి వంకే చూసింది, ఆయ్ అంటే ఆలస్యమైపోయినట్టే, చిప్ప అరిగిపోయినట్టే, వాడు లేచి మూట చంకన పెట్టుకుని, ఏంటే అమ్మా నీ గోల, ఎక్కమంటావు, ఎక్కి కూచున్నాక దిగమంటావు, నాలుగూళ్ళోళ్ళు నవ్వుతున్నారు, నీకు మతుందా అని కసురుకున్నాడు, కసురుతూనే ఒక్క దూకు దూకి గట్టెక్కాడు, మతి లేదురా, ఇందాకటిదాకా లేదు అని ఆమె నవ్విందో ఏడ్చిందో, వాడి తల రెండు చేతులతో కిందికి వంచి నుదుటికి పెదవులు ఆనించింది, ఎండలో కూర్చుని చెమట పట్టిన నుదురు, ఉప్పుంది, భయం ఎక్కడికీ పోలేదు, రేపు పడవ నీళ్ళలోకి దిగినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా ఈ గుండె ఇలాగే కొట్టుకుంటుంది, కొట్టుకోనీ, వీడిలో ఉప్పు ఇంకా ఉంది.