కుడికాలి కట్టు

కట్టు కుడికాలికి ఉంది. క్రేన్ కింద పడి సన్యాసిరావుకు విరిగింది ఎడమకాలు.

దేవి దుప్పటి తొలగించి మొగుడి కాళ్లు మళ్లీ చూసింది. ఎడమకాలు ఇంకా వాచి, నల్లగా కమిలి ఉంది. కోసింది మంచి కాలిని!

"రెండు కాళ్లకీ దెబ్బ తగిలిందమ్మా" అన్నాడు కంపెనీ ఆసుపత్రి డాక్టరు, ఆమె ముఖం చూడకుండా.

మధ్యాహ్నానికి మాట మారింది. సన్యాసిరావును పనిలో పెట్టిన లేబర్ కాంట్రాక్టరు వెంకటరావు వచ్చి ఆమెను పక్కకు పిలిచాడు. "ఆ నర్సు సింధు తప్పమ్మా. కొయ్యాల్సిన గుర్తు తప్పుకాలికి ఎట్టేసింది. దాన్ని పన్లోంచి తీసేసినారు. ఇంకూరుకో."

పొద్దున ఒక మాట, ఇప్పుడొక మాట. దేవికి అనుమానం మొదలైంది.

వాళ్లుండే భాలుబాసా బస్తీలోని కాంట్రాక్టు కూలీలంతా మండిపడి సింధు ఇంటికి వెళ్లారు. దేవీ వెళ్లింది.

"గుర్తెట్టింది నువ్వే గదేటే?" పొరుగింటి పోలమ్మ అరిచింది.

"నేనే." సింధు గుమ్మంలోనే నిలబడింది. "తోటి నర్సుల్ని మానిపించేసి వార్డంతా నా ఒక్కదాని నెత్తినేశారు. తప్పు చేశాను, ఒప్పుకుంటాను. కానీ కోసే ముందు డాక్టరు ఎక్స్‌రే చూడాలి, పేషెంటుని అడగాలి. ఏదీ చెయ్యలేదు. ఆ మాట పైకి చెప్తానన్నాననే గెంటేశారు."

"నిన్నెలా నమ్మీది?" అంది దేవి.

"నమ్మొద్దు. మీ ఆయన్నే అడుగు."

దేవి తిరిగి ఆసుపత్రికి వెళ్లి అడిగింది. సన్యాసిరావు తలుపువైపు చూసి గొంతు తగ్గించాడు.

"నడుంకి సూదేసినారు, తెలివిగానే ఉన్నాను. కుడికాలు తుడుత్తంటే 'యే నహీ, దూస్రా' అన్నాను, ఇది కాదు రెండోదని. 'చుప్ రహో' అని నోరు ముయ్యమన్నారు. నోరిప్పితే మరి పన్లోకి రానివ్వనన్నాడు ఎంకట్రావు."

ఆ సంగతి దేవి నోట విని, మర్నాడు ఆసుపత్రి గేటు దగ్గర కూలీలంతా బైఠాయించారు. సింధూ వాళ్ల మధ్యే కూర్చుంది. జీపులో వచ్చిన పోలీసులు నేరుగా ఆమె చెయ్యి పట్టుకుని లాగి బండెక్కించారు.

దేవి జీపుకు అడ్డం పడుకుంది. "దీని తప్పు దీన్ని మేం అడుగుతాం. దీని ఎనకాల మిమ్మల్ని దాక్కోనివ్వం! నా మొగుడు కాదన్నా కోసినోడేడీ? ఆణ్ణి బయటికి తెండి!"

డాక్టరు రాలేదు. మెట్లమీద బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ నర్సుల్లో ఒకామె కిందికి దిగింది. ఆ వెనకే అందరూ దిగారు.

దేవిని కూడా లేవదీసి సింధు పక్కన పడేశారు. జీపు సాక్చి పోలీసు ఠాణా వైపు తిరిగింది. దేవి వెనక్కి చూసింది. టెల్కో ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్లూ, తెల్లబట్టల నర్సులూ కలిసి రోడ్డంతా నిండి, జీపు వెంట నడిచి వస్తున్నారు.